కుండ మీద స్పీకరు, కారులో స్టీరియో

మా ఊళ్లో నా ఈడువాళ్లందరికీ ఈ కిటుకు తెలుసు. పాత టేప్‌రికార్డరు నుంచి ఊడదీసిన స్పీకరును ఉత్తినే అరుగు మీద పెడితే పాట పీలగా, నీరసంగా వినిపిస్తుంది. అదే స్పీకరును ఖాళీ మట్టికుండ మూతి మీద బోర్లిస్తే దరువుకు అరుగంతా అదురుతుంది. స్పీకరు అదే, కరెంటు అదే, క్యాసెట్టు అదే. కింద కుండ వచ్చిందంతే.

కారులో స్టీరియో మార్చుకుందామని కోఠీ గుజరాతీ గల్లీకో, సికింద్రాబాద్ రాణిగంజ్‌కో, విజయవాడ ఆటోనగర్‌కో వెళ్లి చూడండి. కుండ సంగతి ఎవరూ ఎత్తరు. "ఎన్ని ఇంచులు కావాలన్నా, తొమ్మిదా పదా?" అని మొదలవుతుంది. ఆ తర్వాత ర్యామ్ ఎంత, ఆండ్రాయిడ్ ఎన్నో నంబరు, వాట్లు ఎన్ని. మనమూ అదే అడుగుతాం. తీరా బిగించుకుని వచ్చాక తెర ధగధగలాడుతుంది కానీ పాట మాత్రం పాత స్టీరియోలో విన్నట్టే ఉంటుంది. అక్కడక్కడా అంతకంటే ఘోరంగానూ ఉంటుంది.

మూడు కార్లకు సొంతంగా బిగించుకున్నాక, అందులో ఒకటి రెండుసార్లు విప్పి బిగించాక, నాకు అర్థమైంది ఇది: కారులో ధ్వని బాగుపడేది తెరతో కాదు. పాట ఎలా ఉండాలో తలుపు తేలుస్తుంది, శుభ్రంగా వస్తుందో లేదో ఎర్తు, అంటే కారు బాడీకి కలిపే మైనస్ వైరు, తేలుస్తుంది. స్పీకర్లు వాటి తర్వాత. కొత్త స్టీరియో డబ్బాది ఆఖరి వంతు. షాపులో జరిగే బేరం సరిగ్గా దీనికి తలకిందులు. ఆ చిక్కును ఒక్కొక్క పోగు చొప్పున విప్పి చూద్దాం.

యాభై వాట్ల లెక్క

డబ్బా మీద పెద్ద అక్షరాలతో 50 వాట్స్ × 4 అని ఉంటుంది. మూడు వేల రూపాయల దాని మీదా అదే, ముప్పై వేల దాని మీదా అదే. అనుమానం రావాలి కదా.

లెక్క చూడండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు బ్యాటరీలో 12 వోల్టుల పైచిలుకు ఉంటుంది. ఇంజను తిరుగుతుంటే ఆల్టర్నేటర్ దాన్ని 14.4 దాకా తెస్తుంది. స్టీరియో లోపల ఉండే చిన్న ఆంప్లిఫైయర్ చిప్‌కు అంతకుమించి వోల్టేజీ దొరకదు. కారు స్పీకరు నిరోధం మామూలుగా 4 ఓములు. వోల్టేజీని దానితోనే గుణించి నిరోధంతో భాగిస్తే వాట్లు వస్తాయి. 14.4ను 14.4తో గుణించి 4తో భాగిస్తే 51.8. ఇదిగో, డబ్బా మీది యాభై!

కానీ ఆ యాభై రావాలంటే స్పీకరుకు వెళ్లే కరెంటు అల తల, తోక నరికినట్టు నలుచదరంగా ఉండాలి. పాట అలా ఉండదు, అలా ఉంటే అది పాట కాదు, రంపపు మోత. నునుపైన అలకు వచ్చేది అందులో సరిగ్గా సగం, 25.9 వాట్లు. చిప్ లోపల వేడిగా పోయేది తీసేస్తే చేతికి వచ్చేది 18 నుంచి 22. దీన్నే ఆర్‌ఎంఎస్ వాట్లు అంటారు. అమెరికాలో సీటీఏ-2006 అనే ప్రమాణం ఉంది: 14.4 వోల్టుల దగ్గర, 4 ఓముల స్పీకరుతో, ఒక శాతం వక్రీకరణ, అంటే అల ఆకారం చెడటం, దాటకుండా ఎన్ని వాట్లు వస్తాయో అదే రాయాలి అంటుంది. మంచి కంపెనీలు లోపలి కాగితంలో, చిన్న అక్షరాల్లో, ఆ అంకె కూడా ఇస్తాయి. డబ్బా అడుగు తిప్పి అది వెతకండి. లోపల వోల్టేజీ పెంచే ఏర్పాటు ప్రత్యేకంగా ఉంటే తప్ప, 60 × 4 అని రాసినా 80 × 4 అని రాసినా ఆ డబ్బా నిజంగా ఇచ్చేది ఇరవై చిల్లరే.

ఇరవై సరిపోదా అంటే, బాగానే సరిపోతుంది. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లు మాత్రమే, చెవికి అది కాస్త తేడా. శబ్దం రెండింతలైందని చెవికి అనిపించాలంటే వాట్లు దాదాపు పదింతలు కావాలి. అందుకే ఇరవై వాట్ల నుంచి నలభైకి పోవడానికి డబ్బు పోయడం కంటే స్పీకరు కొనేటప్పుడు దాని మీది ఇంకో అంకె చూడటం లాభం. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్లు పలుకుతుందో ఆ అంకె చెబుతుంది. 90 పలికే స్పీకరు బదులు 93 పలికేది తీసుకుంటే, ఉన్న ఆంప్లిఫైయరే రెట్టింపు అయినట్టు లెక్క. ఈ అంకె గురించి షాపులో ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే దానికి రంగుల స్టిక్కరు ఉండదు.

డ్యాష్‌బోర్డులో ఆ కన్నం

స్టీరియో కూర్చునే కన్నానికి కొలతలు జర్మనీ ప్రమాణాల సంస్థ నుంచి వచ్చాయి. దాని పేరులోని మూడక్షరాలే డిన్. 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు ఉంటే సింగిల్ డిన్. మారుతి 800లో ఉన్నది అదే. ఎత్తు రెండింతలైతే డబుల్ డిన్. టొయోటా కార్లలో చాలావాటికి కన్నం 200 మిల్లీమీటర్లు ఉంటుంది, అక్కడ ఇరుపక్కలా పది పది మిల్లీమీటర్ల పట్టీలు పెట్టాలి. ఇప్పుడొచ్చే తొమ్మిదించుల తెరలది ఇంకో పద్ధతి. వెనక డబ్బా చిన్నదే, ముందు మాత్రం పలక. మన కారు మోడల్‌కు సరిపోయే ఫ్రేమ్ దొరికితే చాలు. ఫ్రేమ్ దొరక్కపోతే మాత్రం ఆశ వదులుకోండి. ఆకురాయితో డ్యాష్‌బోర్డు అరగదీసి ఇరికించినవి చూశాను, గుంతల రోడ్డు మీద అవి కిర్రుకిర్రుమంటూనే ఉంటాయి.

ఫ్రేమ్‌తో పాటు కొనవలసింది కప్లర్. ఒక చివర మీ కారు ప్లగ్గులోకి, రెండో చివర కొత్త స్టీరియోలోకి వెళ్లే వైర్ల గుత్తి అది. "కప్లర్ టు కప్లర్" అని అడిగితే ఇస్తారు. కొన్ని వందల రూపాయల వస్తువు. దాన్ని ఆదా చేయడానికి కారు ప్లగ్గును పటుక్కున కత్తిరించి, రంగులు చూసి వైర్లు మెలిపెట్టి టేపు చుట్టే మహానుభావులు ఇంకా ఉన్నారు. వాళ్ల చేతికి కారు ఇవ్వకండి. కోసిన వైరు కనిపిస్తే వారంటీ మీద సర్వీస్ సెంటరుతో వాదన మొదలవుతుంది, రేపు కారు అమ్మేటప్పుడు పాత స్టీరియో తిరిగి పెట్టే దారీ ఉండదు.

పైగా ఆ టేపు. మే నెలలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు లోపల 60 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి నల్ల టేపు జిగురు తేనెలా కారుతుంది, టేపు జారిపోతుంది, బోసిగా మిగిలిన రాగి పక్క వైరును ముద్దాడుతుంది. వైరు కలపక తప్పకపోతే గొట్టంలాంటి లగ్గు పెట్టి నొక్కి, పైన వేడికి ముడుచుకునే స్లీవ్ తొడగండి.

ఇక రంగులు. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. ఇంటర్నెట్‌లో దొరికే రంగుల పట్టిక స్టీరియోతో వచ్చే గుత్తికి వర్తిస్తుంది, కారులోంచి వచ్చే గుత్తికి కాదు. కారు కంపెనీల రంగులు ఎవరివి వాళ్లవే. స్టీరియో వైపు పసుపు అంటే బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే కరెంటు. ఎరుపు అంటే తాళం తిప్పితేనే వచ్చేది. నలుపు ఎర్తు. పసుపుది జ్ఞాపకం పని, గడియారం, స్టేషన్లు, సెట్టింగులు దాని మీదే బతుకుతాయి. ఎరుపు నిద్రలేపేది. తాళం తీసిన ప్రతిసారీ గడియారం సున్నాకు పోతోందంటే పసుపు వైరును కూడా తాళం కరెంటుకే కలిపారని అర్థం. తాళం తీసినా స్టీరియో ఆరకపోతే ఎరుపు వైరు ఎప్పుడూ ఉండే కరెంటు మీద ఉంది. మూడు నాలుగొందల మల్టీమీటరు దగ్గర పెట్టుకుని, తాళం తీసి ఒకసారి, వేసి ఒకసారి కొలిస్తే ఏది ఏదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

నారింజ రంగు వైరు హెడ్‌లైట్లు వేసినప్పుడు తెర వెలుగు తగ్గించడానికి. చాలా షాపుల్లో దాన్ని వదిలేస్తారు. రాత్రి హైవే మీద తెర కళ్లల్లో పొడుస్తుంటే అప్పుడు గుర్తొస్తుంది. రివర్స్ కెమెరా పెడితే దాని వైరు వెనక తెల్లలైటు కరెంటుకు వెళ్లాలి. హ్యాండ్‌బ్రేక్ వైరు ఒకటి ఉంటుంది, బ్రేకు వేసి ఉంటేనే వీడియో ఆడాలని. దాన్ని ఎర్తుకు కలిపేస్తే నడుస్తుండగా కూడా సినిమా వస్తుందని షాపువాళ్లే ఉత్సాహంగా చెబుతారు. నేను కలపను.

పసుపు గురించి ఇంకో మాట. స్టీరియో గుత్తిలో పసుపు వైరు కరెంటైతే, కారు లోపల పసుపు తొడుగు, పసుపు ప్లగ్గు ఉన్నది ఎయిర్‌బ్యాగుది. దాని జోలికి వెళ్లొద్దు, బల్బు పెట్టిన టెస్టర్‌తో గుచ్చడం అసలే వద్దు. డ్యాష్‌బోర్డు విప్పే ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ పది నంబరు స్పానరుతో ఊడదీసి కాసేపు ఆగాలి, ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో మిగిలిన కరెంటు దిగడానికి. నేనైతే ఆ వ్యవధిలో టీ తాగి వస్తాను.

రెండు కొసలూ బతికే ఉంటాయి

నాలుగు స్పీకర్లకు నాలుగు జతలు, ఎనిమిది వైర్లు. తెలుపు ముందు ఎడమ, బూడిదరంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల గీత ఉన్నది మైనస్. ఇంతవరకూ తేలిక.

తిప్పలంతా ఆ "మైనస్" అనే మాటతోనే. పాతకాలపు క్యాసెట్ స్టీరియోల్లో చాలావాటికి స్పీకరు మైనస్‌ను కారు బాడీకే కలిపేవారు. ఒక్క వైరు లాగితే సరిపోయేది. ఇప్పటి చిప్ అలా పనిచేయదు. స్పీకరుకు అటూ ఇటూ రెండు చిన్న ఆంప్లిఫైయర్లు నిలబడి, ఒకటి తోస్తుంటే ఒకటి లాగుతుంటుంది, కవ్వం తాడును ఇద్దరు పట్టుకున్నట్టు. పాట ఆగినా ఆ రెండు వైర్ల మీదా బ్యాటరీలో సగం, ఏడు వోల్టుల దాకా, నిలిచే ఉంటుంది. అంటే మైనస్ కూడా బతికున్న వైరే. దాన్ని బాడీకి తగిలిస్తే చిప్ రక్షణలోకి వెళ్లి గొంతు మూసుకుంటుంది, అదృష్టం బాగాలేకపోతే శాశ్వతంగా. పాత మెకానిక్కుల అలవాటు కొత్త స్టీరియోలను చంపే దారి ఇదే.

ప్లస్ మైనస్‌లు తారుమారైతే ఏమీ కాలదు కానీ బేస్ మాయమవుతుంది. ఎడమ స్పీకరు గాలిని ముందుకు నెడుతున్న క్షణంలోనే కుడిది వెనక్కి లాగుతుంటే, రెండూ కలిసి ఒకదాన్నొకటి మింగేస్తాయి. పాడే గొంతు మధ్యలో నిలవకుండా కారంతా తేలుతుంటుంది. తేల్చుకోవడానికి పెన్సిల్ సెల్ చాలు. స్టీరియో వైపు నుంచి విప్పిన స్పీకరు వైర్ల కొసలకు 1.5 వోల్టుల సెల్లును ఒక్క క్షణం తాకించండి. స్పీకరు మధ్యలో కదిలే గరాటులాంటి కోన్ బయటికి ఉబికితే సెల్ ప్లస్ తగిలిన కొసే స్పీకరు ప్లస్. నాలుగింటికీ నాలుగు చిటపటలు, అయిదు నిమిషాల పని.

తలుపే కుండ

స్పీకరు కోన్ ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. మధ్యలో అడ్డు లేకపోతే ముందు గాలి చుట్టూ తిరిగి వెనక్కి జారుకుంటుంది. సన్నని స్వరాలకు అంత వ్యవధి ఉండదు కాబట్టి అవి బతికిపోతాయి. నెమ్మదిగా ఊగే బేస్ స్వరాలు మాత్రం చెవిదాకా రాకుండానే చచ్చిపోతాయి. అరుగు మీద స్పీకరు పీలగా మోగడానికి కారణం ఇదే. కుండ చేసింది ఆ రెండు గాలులను విడదీయడం, అంతే.

ఇప్పుడు కారు తలుపు మీది ప్లాస్టిక్ ప్యాడ్ విప్పి చూడండి. లోపలి రేకుకు అరచేయి పట్టేంత, తల పట్టేంత కన్నాలు. అద్దం ఎత్తే యంత్రం బిగించడానికి వదిలినవి. వాటి మీద పలచని ప్లాస్టిక్ కాగితం. బయటి రేకు వేలితో నొక్కితే లోపలికి పోయేంత సన్నం. ఇది పగిలిన కుండ. దీని మీద పదివేల స్పీకరు పెట్టినా పగిలిన కుండ మీద పెట్టినట్టే.

బాగుచేయడం కష్టం కాదు, ఓపిక కావాలి. బ్యూటైల్ రబ్బరు పొర, పైన అల్యూమినియం రేకు ఉండే డ్యాంపింగ్ షీట్లు దొరుకుతాయి. బయటి రేకు లోపలివైపు, ముఖ్యంగా స్పీకరు వెనక, దుమ్ము తుడిచి అతికించి చిన్న రోలరుతో గట్టిగా రుద్దాలి. రేకంతా కప్పక్కర్లేదు, మధ్యలో నాలుగో వంతు మేర పడినా మోత చచ్చిపోతుంది. లోపలి రేకు కన్నాలను మాత్రం వీలైనంతవరకు మూయాలి. కుండ కొనేటప్పుడు వేలి మెటికతో కొట్టి, ఖంగుమంటేనే తీసుకుంటాం కదా. ఇక్కడ పరీక్ష అదే, ఫలితం తలకిందులు. తలుపు మీద మెటికతో కొడితే ఖంగుమనకూడదు, ధబ్ మనాలి.

రెండు జాగ్రత్తలు. తలుపు లోపలికి వాన నీళ్లు వస్తాయి, అది లోపం కాదు, అద్దం పక్కనుంచి రావలసిందే. అవి పోవడానికి తలుపు అడుగున చిన్న కన్నాలుంటాయి. వాటిని షీటుతో మూసేస్తే ఒక్క ఆషాఢంలో తుప్పు మొదలవుతుంది. ఆ ప్లాస్టిక్ కాగితాన్ని కూడా అడ్డమని చింపి పారేయకండి, నీళ్లు ప్యాడ్ మీదికి, సీటు కిందికి రాకుండా ఆపేది అదే. కన్నాలు పూర్తిగా షీటుతో మూయగలిగితేనే దాని అవసరం తీరుతుంది.

కొనే ముందు లోతు కొలవడం మరిచిపోవద్దు. ఆరున్నర ఇంచుల స్పీకర్లన్నీ ముందు నుంచి ఒక్కలాగే ఉంటాయి, వెనక అయస్కాంతం లోతు మాత్రం ఒక్కోదానిది ఒక్కోలా. అద్దం పూర్తిగా దించి, స్పీకరు కూర్చునే చోటు నుంచి అద్దం దాకా స్కేలుతో కొలవండి. ఇది చేయకుండా తెచ్చిన స్పీకర్లు బిగించి, అద్దం దించబోతే సగంలో టక్కుమని ఆగిపోయింది నాకు. స్పీకరు కింద పెట్టే రింగుతో ఆ గండం గట్టెక్కాను. ఆ రింగు ఎలాగూ కావలసిందే, స్పీకరుకూ రేకుకూ మధ్య సందు లేకుండా మూసేది అదే కనుక.

వెనక పార్సెల్ ట్రే మీద ఓవల్ స్పీకర్లు పెట్టించుకోవడం మనవాళ్లకు మోజు. వెనక కూర్చున్నవాళ్ల పుర్రె అదరడానికి తప్ప, ముందున్నవాళ్లకు దానివల్ల ఒరిగేది తక్కువ. కచేరీలో మనం వేదికకు ముఖం పెట్టి కూర్చుంటాం, వీపు పెట్టి కాదు. డబ్బు కొంచెమే ఉంటే ముందు తలుపులకే ఖర్చు పెట్టండి.

ఆంప్లిఫైయర్, దాని దాహం

పైన చెప్పిన ఇరవై వాట్లు మామూలుగా చాలు. కానీ మృదంగం మీద దెబ్బ పడిన క్షణానికి, డప్పు మోగిన క్షణానికి, చుట్టూ ఉన్న స్వరాలకు పదింతలు కావాలి. అప్పుడు ఇరవై వాట్ల చిప్ అల తల నరికేస్తుంది. విడిగా ఇంకో ఆంప్లిఫైయర్ అవసరం ఆ క్షణాల కోసమే. బేస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్లు, సబ్‌వూఫరో బేస్ ట్యూబో, పెడితే ఎలాగూ తప్పదు.

తక్కువ వేడితో పనిచేసే క్లాస్-డి రకం 500 వాట్ల ఆంప్లిఫైయర్ అనుకుందాం. అందులోకి వెళ్లినదానిలో ఎనభై శాతం బయటికి వస్తుందనుకుంటే, లాగేది 625 వాట్లు. 13.8 వోల్టుల దగ్గర అది 45 ఆంపియర్లు. ఇంట్లో గీజరు లాగే కరెంటుకు నాలుగింతలు పైనే. దీన్ని బ్యాటరీ నుంచి డిక్కీదాకా, సుమారు అయిదు మీటర్లు, తీసుకెళ్లాలి.

ఇక్కడో మాటల బోల్తా ఉంది. కారు ఆడియోలో "4 గేజు" వైరు అంటే రాగి అడ్డుకోత 21 చదరపు మిల్లీమీటర్లు. ఇంటి వైరింగుకు వాడే "4 చదరపు మిల్లీమీటర్ల" వైరు అందులో అయిదో వంతు. గేజు అంకె తగ్గితే వైరు లావవుతుంది, చదరపు మిల్లీమీటర్లు తగ్గితే సన్నమవుతుంది. "నాలుగు వైరు" అని అడిగి ఎలక్ట్రికల్ షాపులో తెచ్చుకుంటే, పూర్తి జోరులో ఆ అయిదు మీటర్లలోనే దాదాపు ఒక వోల్టు పోతుంది, కార్పెట్ కింద నలభై వాట్ల పైగా వేడి పుడుతుంది. అసలైన 4 గేజు రాగిలో పోయేది 0.2 వోల్టులోపే.

అసలైన రాగి అని ఎందుకన్నానంటే, అంగట్లో చవకగా వచ్చే ఆంప్లిఫైయర్ కిట్లలో చాలావాటిలో ఉండేది అల్యూమినియం. పైన రాగి పూత ఉంటుంది. అది రాగి మోసేదానిలో మూడింట రెండు వంతులు కూడా మోయదు. కొనే ముందు ఒక పోగు కొస బ్లేడుతో గీకండి, తెల్లగా తేలితే బేరం చేయకుండా వచ్చేయండి.

ఫ్యూజు గురించి ఒక అపోహ ఉంది, అది ఆంప్లిఫైయర్‌ను కాపాడుతుందని. కాదు, వైరును కాపాడుతుంది. కారు బ్యాటరీ చిన్నదైనా షార్టయితే వందల ఆంపియర్లు విసిరేస్తుంది. బానెట్ కింద రేకు కన్నంలోంచి దూరిన వైరు ఒరుసుకుపోయినా, వానాకాలం వెచ్చదనం కోసం దూరిన ఎలుక కొరికినా, ఆ వందల ఆంపియర్లు నేరుగా బాడీలోకి పోతాయి, వైరు ఎర్రగా కాలుతుంది. డిక్కీలో ఆంప్లిఫైయర్ పక్కన ఫ్యూజు పెడితే ఈ అయిదు మీటర్లకూ కాపలా లేనట్టే. కాబట్టి ఫ్యూజు బ్యాటరీ పక్కనే, మూరెడు దూరం లోపలే ఉండాలి. రేకులోంచి వైరు దాటే చోట కన్నం అంచు కోయకుండా రబ్బరు గ్రోమెట్ (రింగు) తప్పనిసరి. ఈ రెండూ లేకుండా పని చేసి ఇచ్చిన షాపు ఎంత పేరున్నదైనా వెనక్కి తీసుకెళ్లండి.

ఇప్పుడు ఎర్తు. ప్లస్ వైరు మీద ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లు కూడా మైనస్‌ను ఏదో ఒక బోల్టు కింద దోపేసి చేతులు దులుపుకుంటారు. వెళ్లిన కరెంటు అంతా తిరిగి రావాలి కదా, 45 వెళ్తే 45 రావాలి.

నా రెండో కారుకు ఆంప్లిఫైయర్ ఒక షాపులో పెట్టించాను, సొంతంగా చేసుకోవడానికి తీరిక లేక. మర్నాడు విజయవాడ బయల్దేరాం. సూర్యాపేట దాటేసరికి పాటల వెనక సన్నగా ఒక కూత. యాక్సిలరేటర్ నొక్కితే పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది, కారులో ఒక దోమ కూడా డ్రైవింగ్ నేర్చుకుంటున్నట్టు. తిరిగొచ్చి అడిగితే షాపాయన నాయిస్ ఫిల్టర్ అనే డబ్బీ పెడితే పోతుందన్నాడు. ఫిల్టర్ వద్దని ఇంటికొచ్చి, పాట పెట్టి, ఆంప్లిఫైయర్ మైనస్ నుంచి బ్యాటరీ మైనస్ దాకా మల్టీమీటరుతో కొలిచాను. 0.3 వోల్టులు. ఒకే ఎర్తు అయితే సున్నాకు దగ్గరగా ఉండాలి. బోల్టు విప్పితే కింద కంపెనీ పెయింటు చెక్కుచెదరకుండా మెరుస్తోంది. గరుకు కాగితంతో తెల్ల రేకు తేలేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి బిగించాను. 0.02కు దిగింది. దోమ పోయింది.

జరిగింది ఇది. ఆల్టర్నేటర్ పుట్టించేది అల కరెంటు, డయోడ్లు దాన్ని సాఫు చేసినా పైన చిన్న చిన్న గరుకు మిగులుతుంది, ఇంజను వేగంతో పాటే దాని వేగమూ పెరుగుతుంది. స్టీరియో ఎర్తు ముందు, ఆంప్లిఫైయర్ ఎర్తు వెనక. రెండింటి మట్టం ఒకటి కాకపోతే ఆ తేడా, దాని మీది గరుకుతో సహా, వాటిని కలిపే ఆర్‌సీఏ వైరు తొడుగులోంచి పారుతుంది. ఆ వైరులో పాట మహా అయితే రెండు నుంచి నాలుగు వోల్టులు, మెల్లని చోట వోల్టులో వెయ్యో వంతులు. గరుకు దాన్ని తేలిగ్గా మింగేస్తుంది. ఫిల్టర్ పెడితే కూత తగ్గేదేమో, దాంతోపాటు పాటా కొంత తగ్గేది, పెయింటు మీది బోల్టు మాత్రం అలాగే ఉండేది. కరెంటు వైరును కారుకు ఒక పక్కనుంచి, ఆర్‌సీఏ వైరును ఇంకో పక్కనుంచి లాగడం కూడా ఇలాంటి పేరంటాలు జరగకుండానే.

ఆంప్లిఫైయర్‌ను లేపడానికి నీలం మీద తెల్ల గీత ఉన్న వైరు స్టీరియో నుంచి వెళ్తుంది. దాన్ని బద్ధకించి ఎప్పుడూ ఉండే కరెంటుకు కలిపితే ఆంప్లిఫైయర్ ఇక నిద్రపోదు. ఊరికే ఉన్నా ఒక ఆంపియరు దాకా లాగుతుంది. చిన్న పెట్రోలు కార్ల బ్యాటరీ సాధారణంగా 35 ఆంపియర్-అవర్లు. సంక్రాంతికి ఊరెళ్లి రెండు రోజులు కారు కదపకుండా పెడితే మూడో రోజు నెట్టుడే, అదీ కొత్త అల్లుళ్లతో.

ఆంప్లిఫైయర్ మీది గెయిన్ అనే చిన్న మరను అందరూ వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పుతారు. అది స్టీరియో పంపే వోల్టేజీకి ఆంప్లిఫైయర్‌ను సరిచేసే మర. ఎక్కువ తిప్పితే అల తల నరకబడుతుంది, సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్లు, ట్వీటర్లు, కాలేది ఎక్కువగా ఇలాగే. 200 వాట్ల సబ్‌వూఫరు 4 ఓములైతే లెక్క ప్రకారం 28.3 వోల్టులు దాటకూడదు. స్పీకరు విప్పి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి, 50 హెర్ట్జ్ పరీక్ష స్వరం ఆడించి, మల్టీమీటరును ఏసీ వోల్టుల కొలతలో పెట్టి ఆ అంకె వచ్చేదాకా తిప్పి వదిలేయండి. ఆ పైన ఎవరు ముట్టుకున్నా కోప్పడండి.

ఎక్కడ ఆగాలి

ఏసీ మీటలు, సర్వీస్ సెట్టింగులు, చుట్టూ చూపే కెమెరాలు అన్నీ కంపెనీ తెరలోనే కలిసిపోయిన కార్లున్నాయి. వాటిలో స్టీరియో అంటే పాటల పెట్టె కాదు, క్యాన్ బస్ అనే రెండు వైర్ల మీద మిగతా కారుతో మాట్లాడే మనిషి. తాళం వేశారన్న సంగతి కూడా దానికి ఎర్ర వైరులో కాదు, ఆ మాటల్లోనే తెలుస్తుంది. దాన్ని పీకి ఇంకోటి పెట్టడానికి దుబాసీ డబ్బా కావాలి, అది అన్ని మాటలూ అనువదించదు. అలాంటి కారులో తెర జోలికి పోకుండా, దాని స్పీకరు వైర్ల నుంచే పాట తీసుకునే హై-లెవెల్ ఇన్‌పుట్ ఉన్న ఆంప్లిఫైయర్ పెట్టుకోవడం తెలివి. తలుపులు, స్పీకర్లు ఎలాగూ మన చేతిలోనివే.

మిగతా కార్లకు ఒక ఆదివారం చాలు. ఫ్రేమ్ నొక్కి మూసే ముందు ఒక చుట్టు అన్నీ చూడండి: ఇండికేటర్లు, హారన్, రివర్స్ లైటు, తాళం వేసిన కొన్ని క్షణాలకు ఎయిర్‌బ్యాగు దీపం ఆరిపోతోందా లేదా. ఆరకపోతే ఆ రోజుకు పాటలు వద్దు, ఏ ప్లగ్గు వదులైందో ముందు వెతకండి. పెట్టిన ఫ్యూజుల్లాంటివి రెండేసి గ్లవ్‌బాక్సులో పడేయండి.

పోయినేడు నాన్న కారుకు ఇదంతా చేశాను. స్టీరియో మార్చలేదు, పాతదే. ముందు తలుపులకు షీట్లు, కొత్త స్పీకర్లు, అంతే. సాయంత్రం ఆయన కారెక్కి తలుపు వేసి, మళ్లీ తీసి, మళ్లీ వేసి, "తలుపులేమైనా మార్పించావేంట్రా?" అని అడిగాడు. పాట ఇంకా పెట్టనే లేదు.